కడ్డీ కింద కాగితం

మార్చి 4

మామయ్యా,

నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క ముందే ఎందుకు రాశానంటే, కింద ఉన్నది చదివి నువ్వు చెప్పులేసుకుని రైలు స్టేషనుకి పరిగెత్తకూడదని. నాకేం కాలేదు. కంటికి అసలేం కాలేదు.

మొన్న మిల్లింగ్ మిషను మీద ఒక గుండ్రటి కడ్డీకి ఒక పక్క చదును కోస్తున్నాను. వైసు దవడల మధ్య పెట్టి నా ఒంట్లో బలమంతా పెట్టి బిగించాను. తిరిగే కట్టర్ అలా తగిలిందో లేదో, కడ్డీ గిర్రున తిరిగింది. ఆ తరవాత ఒకటే చప్పుడు. విరిగిన కట్టర్ ముక్క నా కనుబొమ్మ పక్కనుంచి దూసుకుపోయి, కిటికీ అద్దం పగలగొట్టుకుని వీధిలో పడింది. వీధిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మా టోపీ మేస్త్రి వచ్చి మిషను ఆపాడు. షాపులో పెద్దాయన, ఎండైనా వానైనా టోపీ మాత్రం తియ్యడు. నా చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చి పోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పట్నించి ఆ మిషను వైపు కాళ్ళు రావట్లేదు. ఆకురాయి పట్టుకుని ఓ మూల బల్ల దగ్గర కూర్చుని, వాళ్ళూ వీళ్ళూ కోసినవాటి అంచులు రుద్దుతున్నాను. స్టోరు రూములో ఒక చోటు ఖాళీ ఉందట. అడిగినవాళ్ళకి నట్లూ బోల్టులూ ఎత్తి ఇవ్వడమే పని. అక్కడికి పోదామని ఉంది.

కళ్ళు మూస్తే గుండ్రంగా ఉన్నవన్నీ తిరుగుతున్నాయి. నీళ్ళ డ్రమ్ము, మా గదిలో బల్బు, చందమామ, చివరికి టోపీ మేస్త్రి తల కూడా. ఒక్కటీ పట్టుకుంటే ఆగదు. నేను వాటి వెనకాల మెత్తటి నేల మీద పరిగెడుతూనే ఉంటాను, మెలకువ వచ్చేదాకా.

నీ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని పెరిగినదాన్ని. చదునుగా ఉన్నవన్నీ ఎలా పట్టాలో నేర్పావు. గుండ్రటిదాన్ని ఎలా పట్టుకోవాలో ఎప్పుడూ చెప్పలేదేం మామయ్యా?

నీ మిణుగురు

*

మార్చి 9

ఒసేయ్ మిణుగురూ,

ఈ ఉత్తరం ఇంత పెద్ద పెద్ద అక్షరాలతో ఎందుకు రాస్తున్నానో నీకే తెలుసు. 'కంటికి అసలేం కాలేదు' అని ఊరికే ఎవరూ రాయరు. నిజం చెప్పు, కనిపిస్తోందా? డాక్టరుకి చూపించావా?  చెప్పులు వేసుకున్న మాట నిజమే, మెట్లు దిగిన మాటా నిజమే. నా గది కింద షెడ్డులో పడవలకి రంగులేసేవాళ్ళు 'ఏంటి పెద్దాయనా, ఎక్కడికి?' అంటే ఏం చెప్పాలో తెలీక మళ్ళీ ఎక్కి వచ్చాను.

నేర్పలేదన్నావు, ఒప్పుకుంటున్నాను. గుండ్రటి పని వచ్చేసరికి నువ్వు స్టూలు మీదే నిద్రపోయేదానివి. తల నిండా ఇత్తడి రజను మెరుస్తుంటే నిన్ను భుజానేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. ఆ మెరుపు చూసే నీకీ పేరు పెట్టింది. ఇప్పుడు విను.

నీ బలంలో లోపం లేదు. వైసు దవడలు చదునుగా ఉంటాయి. గుండ్రటిది వాటి మధ్య ఈ పక్క ఒక గీతంత మేర ఆనుతుంది, ఆ పక్క ఒక గీతంత మేర ఆనుతుంది, అంతే. అలా నిలబడ్డదాన్ని కట్టర్ తోస్తే తిరక్క ఏం చేస్తుంది పాపం? ఇంకా బిగిస్తే ఒంటి నిండా గాట్లు పడతాయే గానీ ఆగదు. అందుకే వీ బ్లాకు తీసుకో. నడుమ లోయలా కోసిన ఇనప దిమ్మ, మీ షాపులో ఏ మూలో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. కడ్డీ ఆ లోయలో పడుకుంటుంది. కింద రెండు వైపులా దిమ్మ మోస్తుంది, పైన బోల్టులతో బిగించే పట్టీ, అదే క్లాంపు, నొక్కుతుంది. ఇక అది ఎటు పోతుంది? పొడుగు కడ్డీ అయితే రెండు దిమ్మలు పెట్టు. క్లాంపు కింద రాగి రేకు ముక్క వెయ్యి, మచ్చ పడదు. ఒక బోల్టు పూర్తిగా బిగించేసి రెండోదాని దగ్గరికి పోకు. ఇది కాస్త, అది కాస్త.

ఇంకో సంగతి. కడ్డీకీ దిమ్మకీ మధ్య పలచటి కాగితం ముక్క పెట్టు, పట్టు పెరుగుతుంది. బిగించాక దాన్ని లాగి చూడు. ఊడి వచ్చిందా, కడ్డీ సరిగా కూర్చోలేదన్నమాట, విప్పి మళ్ళీ మొదలెట్టు. రాలేదా, ఇక నిశ్చింతగా ఉండు. ఆ తరవాత కడ్డీ కొన మీంచి దిమ్మ మీదికి ఒకే గీత గియ్యి. పైపైన కాస్త కోసి, మిషను ఆపి, ఆ గీత చూడు. విరక్కుండా ఉంటే కడ్డీ కదల్లేదని అర్థం.

ఇక్కడ నా బతుకు నిద్రలో నడిచినట్టుంది. మధ్యాహ్నమయ్యేసరికి కింది షెడ్డులోంచి రంగు వాసన వచ్చి తల దిమ్ముగా అయిపోతుంది. సముద్రం మీది వెలుగు నా గది గోడల మీద పాకుతుంటుంది, ఒక్కోసారి గదే నీళ్ళ మీద పోతోందనిపిస్తుంది. సాయంత్రం పార్కుకి పోతాను. అక్కడో రంగులరాట్నం ఉంది. చెక్క గుర్రాలు, మెడ విరిగిన జిరాఫీ, జీను కట్టిన పెద్ద చేప. ఏళ్ళు దాటిపోయాయట అది తిరగడం మానేసి. అయినా టిక్కెట్ల అవ్వ రోజూ వచ్చి తన గూట్లో కూర్చుంటుంది. 'తిరగనిదానికి టిక్కెట్టెవరు కొంటారమ్మా?' అన్నాను. 'రేపు తిరిగిందనుకో, నేను లేకపోతే ఎట్లా?' అంది. 

స్టోరు రూము మాట మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను.

మామయ్య

*

మార్చి 17

మామయ్యా,

నా కళ్ళు రెండూ ఉన్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. ఎంత బాగా పనిచేస్తున్నాయంటే, నీ అక్షరాలు బస్సులో కూర్చుని రాసినట్టున్నాయని కూడా కనిపెట్టాయి. నా కంటి మీద పెట్టి నీ కంటి సంగతి దాచకు. కళ్ళజోడు మార్చుకో.

దిమ్మలు దొరికాయి. నువ్వన్నట్టే దుమ్ములోనే, ఓ విరిగిన కుర్చీ కింద. పని అయిపోయి అందరూ బట్టలు మార్చుకునే వేళ నేను ఒక పాత కడ్డీ తెచ్చుకుని కూర్చుంటున్నాను. దిమ్మల్లో పడుకోబెట్టడం, బిగించడం, కాగితం లాగడం, విప్పడం. మొదట్లో కాగితం ఇట్టే జారి వచ్చేది. ఇప్పుడు రావట్లేదు. గట్టిగా లాగితే చిరుగుతోంది గానీ రావట్లేదు! పలచటి కాగితం ఎక్కడిదని అడక్కు. చెబితే తిడతావు. నీ పుణ్యమా అని దొరికిందనుకో, చాలు.

'అమ్మాయ్, పట్టడం వచ్చేసింది. కొయ్యడం ఎప్పుడు?' అని టోపీ మేస్త్రి అడిగాడు.  మిషను మీట మీద చెయ్యి వేస్తే చాలు, చెవిలో ఆ అద్దం మళ్ళీ భళ్ళుమంటుంది మామయ్యా. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది.

నీ చేప కలలోకి వచ్చింది. మా షాపు నిండా నీళ్ళు, మిషన్లన్నీ అడుగున మెల్లగా తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. చేప వచ్చి నా ముందు ఆగింది, జీను మీద ఎక్కమన్నట్టు. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదా అని పొద్దున్నించీ ఒకటే దిగులు. అది ఎందుకు తిరగట్లేదో చూశావా అసలు? నువ్వు చూడకుండా ఉంటావా!

నీ మిణుగురు

*

మార్చి 26

మిణుగురూ,

చూశాను. అవ్వ తాళం తీసి గుర్రాల కిందికి దూరనిచ్చింది. లోపల చల్లగా, చీకటిగా, పాత గ్రీజు వాసనతో మన షాపు మూలలా ఉంది. కాసేపు వెల్లకిలా పడుకుండిపోయాను, కునుకు కూడా పట్టింది. అవ్వ కంగారుపడి చీపురుతో పొడిచి లేపింది.

రోగం చిన్నదే. మోటారు తిప్పే షాఫ్టుకీ పళ్ళచక్రానికీ నడుమ చిన్న ఇనప బిళ్ళ ఉంటుంది కదా, కీ. అది కూర్చునే గాడి అరిగి అరిగి నోరు తెరుచుకుపోయింది. షాఫ్టు తిరుగుతుంది, చక్రం తిరగదు. అంతే. ఇంతదానికి గుర్రాలన్నీ ఇన్నేళ్ళుగా నిలబడిపోయాయి.

పార్కు ఆఫీసువాళ్ళు వానలు మొదలయ్యేలోగా తిరిగితే ఉంచుతారట, లేకపోతే కోసి పాత ఇనుముకి అమ్మేస్తారట. ఆ మాట చెబుతూ అవ్వ ఏడవలేదు. టిక్కెట్ల కట్టలు సర్దుకుంటూ కూర్చుంది. నాకే ఏడుపొచ్చింది.

పడవల షెడ్డులో లేతు ఉంది. కొత్త షాఫ్టు గుండ్రంగా తీయించాను. కానీ గాడి కొయ్యడానికి ఈ ఊళ్ళో మిల్లింగ్ మిషను లేదు. అందుకని షాఫ్టు నీకు పార్సిలు చేస్తున్నాను. కొలతల కాగితం దాని మీదే కట్టాను. ఇలాంటి మంచి ఇనుము ముక్క మళ్ళీ దొరకదు, కోసేటప్పుడు తిరిగిందంటే ఇక అంతే. నీ కన్ను క్షేమమని నమ్మేశాను, అక్షరాలు మాత్రం అలవాటైపోయి పెద్దగానే వస్తున్నాయి.

మామయ్య

(కాగితం వెనకవైపు, అడుగున, ఇరుకిరుకుగా, వంకర అక్షరాలతో)

ముందువైపు రాయడానికి మనసొప్పలేదు. నీ కంటి కోసం పెద్ద అక్షరాలన్నది అబద్ధం. నా కుడిచెయ్యి వణుకుతోంది, డాక్టరు ఇక తగ్గదన్నాడు. మిషను ఉన్నా నేను కొయ్యలేను. ఈ గాడి నువ్వే కొయ్యి, వేరే చెయ్యి పెట్టించకు. భయమైతే భయమని రాసి షాఫ్టు వెనక్కి పంపెయ్యి, ఏమీ అనుకోను.

*

ఏప్రిల్ 6

మామయ్యా,

షాఫ్టు వచ్చింది! ఎంత నున్నగా ఉందో, చెంపకి ఆనించుకుని చూసుకున్నాను. టోపీ మేస్త్రి కూడా చేత్తో నిమిరి 'ఎవరు తీశారు?' అని అడిగాడు.

నిన్న మిషను బల్ల మీద దిమ్మలు పెట్టి దాన్ని పడుకోబెట్టాను. రాగి రేకులు వేసి, ఇటు కాస్త అటు కాస్త బిగించి, రెండు దిమ్మల దగ్గరా కాగితం పెట్టి లాగాను. ఊహూఁ, రాలేదు! మా షాపువాళ్ళు తలా ఒకసారి లాగి చూశారు, రాలేదు. పట్టు విషయంలో ఇక నీకు దిగులక్కర్లేదు.

కొయ్యడం మాత్రం టోపీ మేస్త్రి కోస్తానన్నాడు. వేరే మిషను మీద ఉన్న పని కాగానే వచ్చే వారం కోసిస్తాడట, అందాకా దీన్ని కదపొద్దన్నాడు. మంచి చెయ్యి ఆయనది. నువ్వేం అనుకోవుగా? అంత నమ్మకం లేకపోతే నువ్వే రైలెక్కి వచ్చెయ్యి. బండరాయిలాంటి చెయ్యి నీది, ఒక్క పూటలో గాడి కోసి పారేసి పోవచ్చు. మా షాపువాళ్ళందరికీ చూపిస్తాను, మా మామయ్య చెయ్యి చూడండర్రా, మీట మీద పెడితే దాని మీద వాలిన ఈగ కూడా కదలదు అని.

అవ్వకి చెప్పు, టిక్కెట్లు రెడీ చేసుకోమని.

నీ మిణుగురు

*

ఏప్రిల్ 11

అమ్మాయికి,

ఉత్తరం అందింది. మేస్త్రిగారి చేత కోయించడం మంచి ఆలోచనే. ఆయనకి నా నమస్కారాలు.

నా చేతి మీద వేళాకోళం బాగుంది. షాపులో అందరూ నవ్వుకునే ఉంటారు. వెనక రాసింది చదివి ఇలా రాస్తావని మాత్రం అనుకోలేదు. నువ్వు చిన్నదానివి, తెలియక అన్నావని సర్ది చెప్పుకుంటున్నాను, కానీ మనసు సర్దుకోవట్లేదు.

ఇక్కడ రెండు రోజులుగా పొగమంచు. గది కిటికీలోంచి సముద్రం కనబడదు, పార్కులో గుర్రాలు మెడల దాకా మునిగిపోయి ఉన్నాయి. అవ్వ గూడు మాత్రం తెరిచే ఉంది. షాఫ్టు వచ్చేస్తుందని చెప్పాను.

ఇట్లు,
మామయ్య

*

ఏప్రిల్ 17

మామయ్యా,

'అమ్మాయికి' ఏమిటి? 'ఇట్లు' ఏమిటి? నా పేరు మర్చిపోయావా? నేను నీ చేతిని వేళాకోళం చేశానా? పొగిడితే ఏడుపేమిటి? ఉత్తరం చదివి ఒళ్ళు మండి, గదిలో అటూ ఇటూ తిరిగి, నువ్వు రాసిన ప్రతి ముక్కా మళ్ళీ చదివాను. 'వెనక రాసింది' అన్నావు. నువ్వు వెనక ఎప్పుడు రాశావు? నీ జన్మలో కాగితం వెనక రాయవు కదా.

అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు చెప్పేస్తాను, తిట్టుకో. కడ్డీ కింద పెట్టే పలచటి కాగితం నీ ఉత్తరాలదే. నువ్వు ఎప్పుడూ అడుగున నాలుగు వేళ్ళ మేర ఖాళీ వదులుతావు. ఆ ఖాళీ చింపి వాడుతున్నాను. షాఫ్టు రోజు కూడా నీ ఉత్తరం అడుగు చింపి, దాన్ని నడిమికి రెండు చేసి, ఒక్కో దిమ్మలో ఒక్కో ముక్క పెట్టాను. తిప్పి చూడలేదు. ఎందుకు చూస్తాను?

షాపుకి పరిగెత్తాను. టోపీ మేస్త్రి అప్పుడే కట్టర్ ఎక్కించి, మీట మీద చెయ్యి వేస్తున్నాడు. 'ఆగండాగండి!' అని అరిచాను. 'కాగితం కావాలి' అన్నాను. 'ఏ కాగితం?' 'దాని కింద ఉన్నది.' ఆయన నా మొహం చూశాడు. 'లాగు' అన్నాడు. లాగాను. రాదే! ఎంత లాగినా రాదు! ఆ రోజు గొప్పగా అందరి చేతా లాగించింది ఆ ముక్కే. 'విప్పితే మళ్ళీ మొదట్నించీ సర్దుకోవాలమ్మాయ్' అన్నాడు. విప్పేశాను.

మొదటి దిమ్మలో దొరికిన ముక్క మీద ప్రతి వరసా సగమే ఉంది. 'నా కుడిచెయ్యి వ' దగ్గర తెగిపోయింది. రెండో దిమ్మ మేస్త్రే స్పానరు తీసుకుని విప్పాడు. రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చదివాను. నూనె తడిసి, నడుమ షాఫ్టు నొక్కిన గీత పడి ఉంది. ఏడ్చాను మామయ్యా, అందరి ముందూ. నీ చెయ్యి అలా అయిందని, నేను నీకు అలా రాశానని. మేస్త్రి మళ్ళీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నీళ్ళు తాగి, 'నేను కోస్తాను' అన్నాను. ఆయన టోపీ తీశాడు. నిజంగా తీశాడు! లోపల జుట్టు ఒత్తుగానే ఉంది. తీసి నా నెత్తి మీద పెట్టి పక్కకి జరిగాడు.

దిమ్మలు మళ్ళీ సర్దాను. అవే ముక్కలు పెట్టాను, నువ్వు రాసిన వైపు షాఫ్టుకి ఆనేలా. బిగించాను. లాగాను, రాలేదు. కొన మీద గీత గీశాను. మీట మీద చెయ్యి వేస్తే అద్దం మళ్ళీ భళ్ళుమంది. అయినా తియ్యలేదు. చేతులు వణికాయి. నావి కూడా వణికాయి మామయ్యా, రెండూ. కానీ కడ్డీ వణకలేదు. పైపైన కోసి మిషను ఆపి చూస్తే గీత విరక్కుండా ఉంది. అప్పుడు తెలిసింది, ఇంతసేపూ దాన్ని పట్టుకుని ఉన్నది నా చేతులు కాదని. ఇక ఆ తరవాత నిద్రలో నడిచినట్టే. రజను మెలికలు తిరుగుతూ నెమ్మదిగా రాలుతోంది, కట్టర్‌ని చల్లబరిచే నూనె నీళ్ళు పాలలా పారుతున్నాయి, షాపు చప్పుడంతా ఎక్కడో దూరంగా పోయింది. గాడి పూర్తయి మిషను ఆపాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదట, మేస్త్రి చెప్పాడు.

భయమైతే భయమని రాయమన్నావు. భయమే. షాఫ్టు వెనక్కి పంపుతున్నాను, గాడి కోసి. నా మీద కోపం పోయిందని వెంటనే రాయి. నీ చేతికి వేరే డాక్టర్ని కూడా చూపిద్దాం, నువ్వు ఎంత మూతి ముడుచుకున్నా సరే.

నీ మిణుగురు, నీ మిణుగురే

*

మే 2

ఒసేయ్ మిణుగురూ,

నా ఉత్తరాలు చింపుతావుటే! ఇన్నాళ్ళూ దాచిపెట్టుకుని చదువుకుంటున్నావనుకుని మురిసిపోయాను. ఇనప దిమ్మల కింద నలగగొడుతున్నావన్నమాట. చదివి నవ్వాను.  కోపమేమిటే పిచ్చిదానా, నువ్వు ఆ కాగితం చూడలేదని తెలిశాక ఇంకా కోపమెక్కడిది? నాకే సిగ్గేసింది, ముందువైపు చెప్పాల్సినది వెనక రాసినందుకు.

పార్సిలు విప్పి మొదట గాడిలో వేలు పెట్టి చూశాను. అంచులు తిన్నగా ఉన్నాయి, అడుగు సమంగా ఉంది. షాఫ్టు ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. వణికే వేలికి కూడా మంచి పని తెలుస్తుంది, ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

బిగించింది నేను కాదు. పడవలవాళ్ళు బిగించారు, నేను గుర్రాల కింద పడుకుని 'ఇటు కాస్త, అటు కాస్త' అని అరిచాను. అవ్వ పైనించి దీపం పట్టుకుని, నాకంటే గట్టిగా అరిచింది. నేను బయటికి పాకి వచ్చాక మోటారు పెడితే రాట్నం ముందు మూలిగింది. తరవాత చిన్నగా కదిలింది. మెడ విరిగిన జిరాఫీ ముందు నా పక్కనుంచి పోయింది, దాని వెనక గుర్రాలు, వాటి వెనక చేప.  అవ్వ గూట్లోకి పరిగెత్తి, తలుపేసుకుని, కిటికీ తెరిచి, 'టిక్కెట్టు!' అంది. మొదటిది నాకే ఇచ్చింది. చేప మీద కూర్చున్నాను, నవ్వకు. ముందున్న గుండ్రటి కమ్మీ పట్టుకున్నాను. చెయ్యి వణకలేదని రాయను, వణికింది. ఆ వణుకుతోనే రాట్నం తిరిగింది, సముద్రం ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. పార్కు ఆఫీసువాళ్ళు వచ్చి, చూసి, వాళ్ళూ ఒక చుట్టు ఎక్కి పోయారు. ఇక దాన్ని కొయ్యరు.

నేర్చుకున్న పనంతా ఈ చేతిలోనే ఉందనుకున్నాను. చెయ్యి పోతే అదీ పోతుందని, ఇక నేనెందుకని, మీ ఎవరికీ కారణం చెప్పకుండా ఈ సముద్రం పక్కకి వచ్చి కూర్చున్నాను. నీ గాడి చూశాక ఆ భయం పోయింది. డాక్టర్ని నువ్వు చూపిస్తే చూపించుకుంటాను. నువ్వు రా. చేప మీద చోటు ఉంచమని అవ్వకి చెప్పాను.

అడుగున నాలుగు వేళ్ళు ఖాళీ వదిలాను. వెనక ఏమీ రాయలేదు, చింపుకో. అయినా ఒకసారి తిప్పి చూసి చింపు.

మామయ్య